తిత్తి

తిత్తి అంటే తోలుసంచి. మేకతోలుని నిలువునా చీల్చకుండా ఒలిచి, కాళ్ల దగ్గర బిగించి కట్టి, మెడ దగ్గర ఒక్క నోరు ఉంచితే తిత్తి తయారవుతుంది. నీళ్లు పోసి భుజాన వేసుకుంటే నీళ్లతిత్తి. నాణేలు దాచి మొలకి దోపుకుంటే డబ్బుతిత్తి. జానపద కళాకారులు గాలి నింపి చంకన పెట్టుకుని శ్రుతి పడితే ఆ వాద్యం పేరూ తిత్తే. కమ్మరి నిప్పు పక్కన పెట్టుకుంటే కొలిమితిత్తి. తత్త్వాలు పాడేవాళ్లు మనిషి ఒంటినే తోలుతిత్తి అన్నారు. ఆ ఒంట్లో, రొమ్ములోపల ఉన్న జత ఊపిరితిత్తులు.

ఇన్ని అర్థాల్లో ఇవాళ అందరి నోటా వినబడేది ఊపిరితిత్తి ఒక్కటే. కొలిమితిత్తి ఊళ్లలో పెద్దవాళ్లకి తెలుసు, పిల్లలకి తెలియదు. ఈ మాటని ఇప్పుడు పనిగట్టుకుని ఎత్తుకోవడానికి కారణం కారు. ఇంటి వెనక రేకుల షెడ్డులో పాత పెట్రోలు కారు ఇంజను విప్పి, దానికి టర్బో బిగించి, రెట్టింపు సత్తువ తెప్పించాలని నెలల తరబడి చేతులు నల్లగా చేసుకునే కుర్రాళ్లు అన్ని ఊళ్లలోనూ తయారవుతున్నారు. వాళ్ల చేతిలో ఉన్న ఆ యంత్రం చేసే పనికి కావలసిన ఆలోచన తిత్తి అన్న రెండక్షరాల్లో మనకి ఏనాటి నుంచో ఉంది. టర్బో అన్న పేరు మార్చాలని నేను అడగను. ఆ ఇనుప ముక్కని తెలుగులో అర్థం చేసుకోవచ్చని, అలా చేసుకుంటే పని ఇంకా బాగా పట్టుబడుతుందని నా నమ్మకం.

ముందు మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. కన్నడంలో కొలిమితిత్తిని తిది అంటారు. తోలుసంచికి వాళ్లకీ తిత్తి అనే మాట ఉంది. తమిళంలో తురుత్తి అంటే కొలిమితిత్తీ, నీళ్ల తోలుసంచీ రెండూను. దక్షిణాది భాషలన్నీ ఈ వస్తువుని నిప్పు దగ్గరా నీళ్ల దగ్గరా ఒకే కంటితో చూశాయి. ఇది మన దగ్గరే జరిగిన సంగతీ కాదు. ఇంగ్లీషులో కొలిమితిత్తిని బెలోస్ అంటారు. పొట్టకి వాళ్లు వాడే బెల్లీ అన్న మాటా, ఈ బెలోసూ తోబుట్టువులు. రెండిటికీ మూలం తోలుసంచి అనే అర్థమున్న పాత మాట. సంస్కృతంలో భస్త్ర అంటే తోలుతిత్తి. అమరకోశం దానికి చర్మప్రసేవిక అని పర్యాయపదం చెప్పింది. యోగాభ్యాసంలో వేగంగా గాలి పీల్చి వదిలే భస్త్రిక ప్రాణాయామానికి ఆ పేరు కొలిమి నుంచే వచ్చింది.

కానీ ఊపిరి ఆడే అవయవానికి పేరు పెట్టేటప్పుడు ఒక్కో భాష ఒక్కో దారి పట్టింది. ఇంగ్లీషులో లంగ్ అన్న మాటకి వేరు తేలిక అనే అర్థంలో ఉంది. మాంసం కొట్టేవాడి చేతికి ఆ ముక్క తేలిగ్గా తగిలింది, ఆ తూకమే పేరైంది. తమిళులు నురైయీరల్ అన్నారు, అంటే నురుగు కార్జం. వాళ్లు దాని రూపం చూశారు. కన్నడం, మలయాళం సంస్కృతం నుంచి శ్వాసకోశం తెచ్చుకున్నాయి. తెలుగు మాత్రం ఆ అవయవం చేసే పని చూసింది. గాలి నింపుకుని గాలి వదిలేది కాబట్టి తిత్తి అంది, కొలిమి దగ్గరున్న తిత్తికీ దీనికీ తేడా తెలియాలి కాబట్టి ముందు ఊపిరి చేర్చింది. బడి పుస్తకాలు రాసినవాళ్లు కూడా ఇదే బాటన నడిచి, ఊపిరితిత్తి లోపలి సన్నని గదులకి వాయుగోణులు అని పేరు పెట్టారు. గోణి అన్నా సంచే.

భాగవతం ద్వితీయ స్కంధంలో శౌనకుడు ఒక గట్టి ప్రశ్న వేస్తాడు. బతకడమే గొప్పయితే చెట్లు బతకడం లేదా, గాలి పీల్చి వదలడమే గొప్పయితే కొలిమితిత్తులు ఆ పని చేయడం లేదా అని. అక్కడ తిత్తి ప్రాణం లేని ఊపిరికి గుర్తు. తెలుగు అదే పోలికని పట్టుకుని, చిన్నచూపు తీసేసి, ప్రాణం నిలిపే అవయవానికే ఆ పేరు పెట్టింది. పనిముట్టు పేరుని ఒంటికి ఇవ్వడానికి భాషకి సంకోచం కలగలేదు. పనివాడి గదిలోని మాటకి అంత పరువు ఇచ్చిన భాష మనది.

ఇప్పుడు కొలిమి దగ్గరికి వద్దాం. ఊరి కమ్మరి పెద్ద తిత్తిని దగ్గర నుంచి చూసినవాళ్లకి దాని నిర్మాణం గుర్తుంటుంది. పైనొక చెక్క, కిందొక చెక్క, మధ్యలో ముడతలు ముడతలుగా తోలు. కింది చెక్కకి ఒక కన్నం, ఆ కన్నానికి లోపలివైపు అంటించిన చిన్న తోలుముక్క. పై చెక్క లేచినప్పుడు బయటి గాలి ఆ ముక్కని నెట్టుకుని లోపలికి వస్తుంది. పై చెక్క దిగినప్పుడు లోపలి గాలి దాన్ని కన్నానికి అదిమి మూసేస్తుంది. ఇక గాలికి ముందున్న గొట్టం ఒక్కటే దారి. ఆ గొట్టం కొస బొగ్గుల అడుగున ఉంటుంది. గాలి లోపలికి ఒక దారిన రావాలి, బయటికి ఇంకో దారిన పోవాలి, వచ్చిన దారిన వెనక్కి పోకూడదు. ఇంజను మీద ఉండే వాల్వులు చేసేదీ ఇదే.

తిత్తి లేకుండా బొగ్గులు రాజేస్తే ఎర్రబడతాయి, పొగ వస్తుంది, అన్నం ఉడుకుతుంది. ఇనుము మాత్రం వంగదు. ఇనుము మెత్తబడి సుత్తి దెబ్బకి లొంగాలంటే వెయ్యి డిగ్రీల చుట్టుపక్కల వేడి కావాలి. బొగ్గుకి ఆ వేడి ఇచ్చే శక్తి ఉంది, కానీ దాన్ని బయటికి తీయడానికి చుట్టూ ఉన్న గాలి చాలదు. గాలిని ఒత్తిడితో లోపలికి తోయాలి. తెలంగాణలో నిర్మల్ ప్రాంతపు కోనసముద్రంలో మన ఉక్కు తీసేవాళ్లు ఈ విద్యలో ఆరితేరారు. హెన్రీ వోయిసీ అనే ఆంగ్లేయుడు ఆ పని చూసి రాసిన వివరణ 1832లో అచ్చయింది. మూసల్లో ఇనుము పెట్టి, గంటల తరబడి తిత్తి ఆపకుండా ఊదితే ఆ ఉక్కు దిగేది. దాన్ని కొనడానికి పారశీక వర్తకులు వచ్చేవారు. ప్రపంచం డమాస్కస్ కత్తులని పొగిడిన ఉక్కు వెనక తెలుగు తిత్తుల గాలి ఉంది.

కారు ఇంజను సంగతి కూడా బొగ్గుల సంగతి లాంటిదే. పిస్టన్ కిందికి దిగుతుంది, సిలిండర్లో ఖాళీ ఏర్పడుతుంది, బయటి గాలి ఆ ఖాళీలోకి తనంత తాను వస్తుంది. మన రొమ్ములో జరిగేది సరిగ్గా ఇదే. పొట్టకీ రొమ్ముకీ మధ్య కండర పొర కిందికి దిగితే లోపల చోటు పెరుగుతుంది, గాలి వచ్చి నింపుతుంది. వెయ్యి సీసీ ఇంజను రెండు చుట్లు తిరిగేసరికి ఒక లీటరు గాలి పీల్చాలి. ఎయిర్ ఫిల్టరూ వాల్వులూ అడ్డం కాబట్టి ఆ లీటరు కూడా నిండుగా అందదు. పెట్రోలు ఎంతైనా పోయవచ్చు, కానీ తూకంలో ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండాలంటే సుమారు 14.7 పాళ్ల గాలి కావాలి. కాబట్టి ఇంజను సత్తువకి హద్దు గాలి దగ్గరే ఉంది.

తెలుగు చేసిన విభాగం ఇక్కడ అచ్చంగా అతుకుతుంది. ఊపిరితిత్తి పీలుస్తుంది, కొలిమితిత్తి ఊదుతుంది. మామూలు ఇంజను ఊపిరితిత్తి పద్ధతిలో బతుకుతుంది. టర్బో బిగించిన ఇంజనుకి కొలిమితిత్తి తోడైంది. పాఠ్యపుస్తకాలు పుటలకి పుటలు వివరించే తేడా మన భాషలో రెండు సమాసాల మధ్య ఉంది, రెండిటికీ తలకాయ ఒకే మాట.

ఈ ఊహ ఇంజనుకి పట్టించినవాడు స్విట్జర్లాండ్ ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బ్యూకి. ఇంజను మండించగా వచ్చే వేడిలో మూడో వంతు దాకా పొగగొట్టం వెంట వృథాగా పోతోందని ఆయన బాధ. ఆ పొగతోనే ఒక చక్రం తిప్పి, అదే ఇరుసు మీద రెండో కొసన ఉన్న ఇంకో చక్రంతో గాలిని లోపలికి నెట్టించే పద్ధతికి 1905లో పేటెంటు తీసుకున్నాడు. 1918లో అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ ఒక విమాన ఇంజనుని లారీ మీద వేసుకుని, సుమారు 4,300 మీటర్ల ఎత్తున్న పైక్స్ పీక్ శిఖరానికి ఎక్కించి పరీక్షించాడు. గాలి పలచనైన ఆ ఎత్తులో 230 గుర్రాల సత్తువకి పడిపోయిన ఇంజను, టర్బో తగిలించాక 356 ఇచ్చింది. కార్లలోకి అది 1962లో వచ్చింది, ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్, షెవర్లే కోర్వేర్ బళ్లతో.

టర్బో అన్న పేరు లాటిన్ నుంచి వచ్చింది. ఆ భాషలో దానికి బొంగరం అనీ సుడిగాలి అనీ అర్థాలు. 1822లో ఫ్రాన్సులో క్లాడ్ బుర్దాన్ ఆ వేరు నుంచి టర్బైన్ అన్న మాట చేశాడు. దాని నుంచి మన షెడ్లలోకి టర్బో దిగింది. పడమటివాళ్లు తిరుగుడు చూసి పేరు పెట్టారు. అది మంచి పేరే. ఆ చిన్న ఇరుసు నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. తిత్తి అన్న మాట గాలిని చూస్తుంది, గాలి దేనికి వెళ్తోందో చూస్తుంది. చక్రం తిరుగుతున్నా గాలి ఎక్కడో కారిపోతే టర్బో ఉన్నట్టే ఉంటుంది, తిత్తి ఉన్నట్టు కాదు. చిల్లిపడ్డ తిత్తిని కమ్మరి తిత్తిగా లెక్కపెట్టడు.

కొలిమితిత్తికీ టర్బోకీ నేను కలుపుతున్నది ఉత్త పోలిక అనుకునేవాళ్లకి మధ్యలో ఒక మెట్టు చూపించాలి. తోలుతిత్తి పోయాక ఊళ్లలోకీ, రోడ్డు పక్క డేరాలు వేసుకుని కొడవళ్లు, గొడ్డళ్లు చేసి అమ్మేవాళ్ల దగ్గరికీ చేతితో తిప్పే బ్లోయరు వచ్చింది. పెద్ద చక్రం తిప్పితే, లోపలున్న చిన్న రెక్కల చక్రం గిర్రున తిరుగుతుంది. దాని చుట్టూ ఇనుప డొప్ప నత్తగుల్లలా చుట్టుకుని, చివరికి గొట్టంగా సాగి కొలిమిలోకి వెళ్తుంది. గాలి మధ్యలోంచి వచ్చి, రెక్కల అంచున విసురు అందుకుని, ఆ డొప్పలో ఒత్తిడిగా మారి బయటపడుతుంది. ఇప్పుడు టర్బోని చేతిలోకి తీసుకుని గాలి వైపు చూడండి. అదే డొప్ప, అదే రెక్కలు, మధ్యలో అదే నోరు. పాత కృష్ణాజిల్లా మెట్టవాళ్లకి ఇంకా పెద్ద రూపం కూడా కళ్లెదుట ఉంది. ఇబ్రహీంపట్నం దగ్గర నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రంలో బొగ్గు మంటకి ఒత్తిడితో గాలి పంపే ఫ్యాన్లు లేకపోతే ఆ పొయ్యిలు పనిచేయవు. తోలుతిత్తి, బ్లోయరు, టర్బో, థర్మల్ ఫ్యాను ఒకే వంశం.

కొలిమి దగ్గర తిత్తి లాగడానికి ఒక మనిషి కావాలి. చాలా ఇళ్లలో ఆ పని కమ్మరి భార్యదో, బడి మానేసిన కొడుకుదో. టర్బోలో ఆ మనిషి పనిని పొగే చేస్తుంది. నిప్పు తన ఊపిరితో తన తిత్తిని తానే ఊదుకుంటుంది. పాత కమ్మరికి ఇది చూపిస్తే మెచ్చుకునేది మొదట ఈ సంగతినే అని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇక మొదట చెప్పిన రేకుల షెడ్డులాంటిది ఒకటి చూడటానికి జి.కొండూరు వద్దాం. విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం, కొండపల్లి మీదుగా మైలవరం, తిరువూరు వైపు పోయే జాతీయ రహదారి మీది ఊరు. మామిడి తోటలు, క్వారీలు, రాయి మోసే టిప్పర్లు. సామాను కావాలంటే విజయవాడ జవహర్ ఆటోనగర్ ఉంది. 1960ల నుంచి లారీకి బాడీ కట్టాలన్నా, ఇంజను బోరు చేయించాలన్నా కోస్తా అంతా చూసేది అటే. పాత డీజిల్ కారు నుంచి విప్పిన చిన్న టర్బో అక్కడ దొరుకుతుంది. కొనేవాడు ముందు చేసే పరీక్ష, ఇరుసు కొసని రెండు వేళ్లతో పట్టుకుని ఆడించడం. ముందుకీ వెనక్కీ కదిలితే అది అరిగిపోయినట్టు. పక్కలకి పిసరంత కదలిక ఉండాలి, ఎందుకంటే ఆ ఇరుసు బేరింగులో నూనె పొర మీద తేలుతూ తిరుగుతుంది.

అది తెచ్చి ఇంటి దగ్గర బిగించేటప్పుడు కమ్మరి విద్య మళ్లీ అవసరపడుతుంది. తిత్తి మరీ గట్టిగా ఊదితే ఇనుము మెత్తబడటం దాటి మండుతుంది, కొసల నుంచి తెల్లటి రవ్వలు లేస్తాయి, ఆ ముక్క ఇక పనికిరాదు. ఇంజనులో పిస్టన్ అల్యూమినియంతో చేసింది. అల్యూమినియం 660 డిగ్రీలకి కరుగుతుంది, సిలిండర్లో మంట అంతకన్నా ఎంతో వేడి. గాలి పెంచి దానికి తగ్గ పెట్రోలు పెంచకపోతే పిస్టన్ నడినెత్తిన చిల్లు పడుతుంది. కాబట్టి ఇంజెక్టర్లు మార్చాలి, స్పార్కు పడే సమయం వెనక్కి జరపాలి, ఇంజనులో కొట్టుడు (నాకింగ్) రాకుండా నొక్కుడు (కంప్రెషన్) తగ్గించాలి. నొక్కిన గాలి వేడెక్కుతుంది, వేడెక్కిన గాలి పలచబడుతుంది. అందుకే ముందు భాగంలో ఇంటర్‌కూలర్ పెట్టి ఆ గాలిని చల్లార్చాలి. ఒత్తిడి హద్దు మీరకుండా పొగని పక్కదారి పట్టించే వేస్ట్‌గేటు ఉండాలి. కొత్తగా చేసేవాడు అరకేజీ ఒత్తిడితో ఆగితే బుద్ధిమంతుడు.

నూనె గొట్టం గురించి ఒక్కమాట. టర్బోలోకి నూనె ఒత్తిడితో వెళ్తుంది, కానీ బయటికి తన బరువుతోనే కారాలి. తిరిగి వచ్చే గొట్టం లావుగా, వంపులేకుండా, కిందికి వాలుగా సంపులోకి దిగాలి. ఇంటి షెడ్లలో చోటు చాలక ఆ గొట్టాన్ని అడ్డంగా తిప్పితే నూనె లోపల నిలబడి, సీళ్లు దాటి, నీలిపొగ మొదలవుతుంది. అలాగే గట్టిగా నడిపి వచ్చిన బండిని ఆపగానే తాళం తీయకూడదు. ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచాలి. లేకపోతే ఎర్రగా కాలిన డొప్ప పక్కన నూనె మాడి మసి కడుతుంది. మన టిప్పరు డ్రైవర్లకి ఈ నిమిషం అలవాటే.

ఇలా కట్టిన కారుని మామూలు రోడ్డెక్కించడానికి చట్టం ఒప్పుకోదు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడాగా బండిని మార్చకూడదు; 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట ఖాయం చేసింది. బ్రేకులూ, చాసిస్ పాత సత్తువకి చేసినవి కాబట్టి ఆ నియమంలో న్యాయముంది. చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై, కోయంబత్తూరు కరి మోటార్ స్పీడ్‌వే లాంటి ట్రాకులు ఇలాంటి బళ్లకి సరైన చోటు.

ఇప్పుడు జి.కొండూరు రహదారి పక్క మెకానిక్ షెడ్డులో వినబడే మాటలు గమనించండి.

"అన్నా, లోడు మీద ఎత్తు ఎక్కేటప్పుడు దమ్ము తీయట్లేదు. నల్లపొగ కొడుతోంది."

"విజిల్ వస్తోందా?"

"రావట్లేదన్నా."

"గాలి ఎక్కడో పోతోంది తమ్ముడూ. ముందు హోసులు చూద్దాం, టర్బో తర్వాత విప్పుదాం."

నల్లపొగ అంటే డీజిలుకి తగ్గ గాలి అందలేదని. తిత్తి ఆగిన కొలిమీ అలాగే పొగలు కక్కుతుంది. ఇక దమ్ము చూడండి. పారశీకంలో దమ్ అంటే ఊపిరి; ఆ భాషలో కమ్మరి తిత్తినీ దమ్ అనే అంటారు. ఉర్దూ మీదుగా మనకి దమ్ముగా వచ్చి, బీడీకీ బిర్యానీకీ మనిషి ధైర్యానికీ అతుక్కుని, చివరికి బండికీ చేరింది. మనదైన తిత్తి రొమ్ములో ఉండిపోతే, అదే అర్థమున్న పరాయి మాట ఇంజను దగ్గరికి చేరి ఆ పని చేస్తోంది. ఉసురు, ఊర్పు, ఊపిరి అనే సొంత కుటుంబం ఉండగా దమ్ముకి చోటు దొరకడం మాటల లోకంలో మామూలే. దాన్ని పరాయిదని తోసేయనక్కర్లేదు. డ్రైవరు "దమ్ము తీయట్లేదు" అన్నప్పుడు తెలియకుండానే కొలిమి భాష మాట్లాడుతున్నాడని గుర్తిస్తే చాలు.

కొలిమి మాటలు కొన్ని మెకానిక్ షెడ్డులోకి భద్రంగా వచ్చాయి. సుత్తి వచ్చింది, ఆకురాయి వచ్చింది, పదును వచ్చింది. దాకలి, తిత్తి వెనకబడ్డాయి. వాటి పక్కన షెడ్డు సొంతంగా పుట్టించిన నుడికారం ఉంది: ఇంజను బోరుకొచ్చింది, గేరు పడట్లేదు, బండి ఆయిలు తాగుతోంది, టింకరింగు చేయించాలి. ఇవన్నీ తెలుగే. ఏ కమిటీ కూర్చుని చేసినవీ కావు, పని చేస్తూ చేతులు కల్పించినవి.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వ్యవసాయ వృత్తి పదకోశం తెచ్చింది. 1971లో చేనేత పదకోశం వచ్చింది. పల్లెలకి పోయి రైతునీ నేతగాడినీ అడిగి, ఒక్కో పనిముట్టుకి ఒక్కో ప్రాంతంలో ఏమంటారో రాసిన పుస్తకాలవి. కమ్మరానికీ మెకానిక్ పనికీ కలిపి అలాంటిదొకటి కావాలి. తిత్తి లోపలి తోలుముక్కని ఏమంటారు, నిప్పులోకి వెళ్లే గొట్టం కొసని ఏమంటారు, గాలి ఎక్కువైనప్పుడు కమ్మరి ఏ మాట వాడతాడు: ఇవి అడగాల్సిన ప్రశ్నలు. నందిగామ, జగ్గయ్యపేట, జి.కొండూరు, మైలవరం మెట్ట ఊళ్లలో జవాబు చెప్పగల పెద్దవాళ్లు తగ్గిపోతున్నారు. మైలవరంలోనే ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ఒక్క బ్యాచి విద్యార్థులు ఒక్క వేసవి ఈ పని మీద తిరిగితే సగం పుస్తకం తయారవుతుంది. తిరిగినవాళ్లకి దక్కేది పదాల పట్టీ ఒక్కటే అనుకోవద్దు. గాలి ఎంత ఊదాలో, ఎక్కడ ఆపాలో, ఏ రంగు మంటకి ఏ ఇనుము లొంగుతుందో చెప్పే జ్ఞానం ఆ పదాలతోపాటే వస్తుంది. షెడ్డులో టర్బో బిగించే కుర్రాడికి అది సొంత భాషలో అందాలి. అతను చేస్తున్న పనికి పెద్దలు ఇక్కడే ఉన్నారని అతనికి తెలియాలి. ఇంజనీరింగ్ తెలుగులో చెప్పలేమనేవాళ్లకి ఆ పుస్తకమే సరైన జవాబు.